డైవర్లకి మా కాలవ అడుగు పరిచయం

వరి పాలుపోసుకునే రోజుల్లో నీళ్ళు ఆగిపోతే రైతు ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా ఉండలేరు. మా ఆయన పొద్దుటినుంచి మూడుసార్లు పొలానికి వెళ్ళి వచ్చేవారు. వెళ్ళి చేసేదేమీ లేదు. గట్టు మీద నిలబడి మడిలో నెర్రెలు చూసుకుని మళ్ళీ ఇంటికి. నేను పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేదాన్ని. మా అత్తగారు అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషినీ “తలుపు లేచిందా?” అని అడిగేవారు.

ఆవిడ అడిగేది తూము తలుపు గురించి. పెద్ద కాలవలోంచి మా పిల్లకాలవకి నీళ్ళు వదిలే చోట, నీళ్ళలో మునిగి ఒక ఇనుప తలుపు ఉంటుంది. పైన చక్రం తిప్పితే మర రాడ్డు దాన్ని పైకి లేపుతుంది. ఆ ఏడు మా వంతు కానప్పుడు దించిన తలుపు, మా వంతు వచ్చేసరికి లేవనంది. ఇద్దరు మనుషులు చక్రానికి వేలాడినా బెత్తెడు కదల్లేదు. ఆ పిల్లకాలవ కింద గోరేబాళ ఊరి వైపు చిట్టచివరి భూములు మావే. అప్పటికి మడి ఆరి వారమైంది. ఇంకో నాలుగు రోజులు దాటితే వెన్నులో గింజ ఉండదు, పొట్టే ఉంటుంది.

తూము చూసుకునే లస్కరు రాయచూరు మనిషి. వాళ్ళది తాతల నాటినుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. మా ఆయన ట్రాక్టరు కట్టి లాగిద్దామంటే అతను చక్రానికి అడ్డం నిలబడ్డాడు.

“ఏందన్నా, గిట్ల జబర్‌దస్తీ చేస్తె రాడ్డు వంగుతది. వంగిందనుకో, ఈ పంట ఖతం. తలుపు ఎనక ఏందో అడ్డం పడ్డది.”

“ఏం పడిందో చూడు మరి.”

“నీళ్ళల్ల చూడనీకె నాకేం చేప కండ్లున్నయా? పెద్ద కాలవ బంద్ చేయమని ఆఫీసుల అడిగి వస్తి. పైన ఇంకా వేల ఎకరాలు నీళ్ళు తాగుతున్నయి, చేయరంట.”

ఇక్కడ కర్ణాటకలో, వలసొచ్చిన ఆంధ్రా రైతుల ఊళ్ళని క్యాంపులంటారు. మా క్యాంపులో ఈతొచ్చినవాళ్ళు ఇద్దరు దిగి చూశారు. ఊపిరి బిగబట్టి కిందికి వెళ్ళడం, దగ్గుకుంటూ పైకి రావడం. రెండు నిలువుల లోతు, చిక్కటి టీ లాంటి నీళ్ళు, తన చెయ్యి తనకే కనపడదు. అప్పుడు మా ఆయన పినతండ్రి కొడుకు గుర్తొచ్చాడు. విశాఖపట్నంలో ఓడరేవు దగ్గర పనిచేస్తాడు. అతను చెప్పి పంపితే ఇద్దరు డైవర్లు వ్యాను వేసుకుని వచ్చారు. ఓడల అడుగున పనిచేసే బావా బావమరుదులు. బావకి యాభై దాటి ఉంటాయి, బావమరిదికి నలభై లోపు. సింధనూరు బస్టాండు దగ్గర దారి అడుగుతూ వ్యాను ఆపితే, లోపల సిలిండర్లు చూసి జనం మూగారట. ఏ ఆసుపత్రికి అని ఒకరు, గ్యాసు నిండా ఉందా అని ఇంకొకరు. గాలి అని చెప్తే ఎవరూ నమ్మలేదట.

వాళ్ళు వచ్చేసరికి నేను ఇడ్లీలూ అల్లం పచ్చడీ చేసి ఉంచాను. మునిగే ముందు తినకూడదన్నారు. మా అత్తగారికి కోపం వచ్చింది.

“మా ఇంటికొచ్చి ‘మేం తినం’ అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. నా కోడలి చేతి ఇడ్లీ అంత బరువా?”

“అది కాదు మామ్మగారూ,” అన్నాడు బావమరిది. “కడుపు నిండా తిని కిందకెల్తే, తిన్నదంతా మాస్కులోనే మళ్ళీ తినాల్సొస్తాది.”

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అన్ని రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు అదే మొదటిది.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. మా ఆయన్ని వరసగా అడిగాడు. అడుగున రాయా, మట్టా? నీళ్ళు ఎటు తోస్తాయి? తూము ముందు గొయ్యి ఉందా? మెట్లు ఎన్ని? మా ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. మా మగవాళ్ళకి కాలవ పైభాగమే తెలుసు. వాళ్ళకి కావలసింది ఎంత ఎత్తున పారుతోందన్నదే. వేసవిలో కాలవ కట్టేశాక ఎండిన అడుగులోకి దిగేది మేము, ఆడవాళ్ళం. దుప్పట్లు ఉతకడానికీ, గుంటల్లో మిగిలిన చేపలకీ, అవతలి గట్టు చుట్టాలింటికి అడ్డదారిన పోవడానికీ.

“మా ఆవిడని అడగండి,” అన్నారు ఆయన చివరికి. “ఏ రాయి ఎక్కడుందో దానికి తెలుసు. నిరుడు నేనన్న మాటలే మర్చిపోదు, రాళ్ళనేం మర్చిపోతుంది?”

పెద్దాయన నావైపు తిరిగాడు. “సముద్రం అడుగు మాకు ఎరికేనమ్మా. ఈ కాలవ మాకు కొత్త ఊరు. కొత్త ఊరెల్లేముందు ఆ ఊరి మనిషిని అడగాల గదా. నువ్వు సెప్పు, ఎలగ ఎల్లాలో.”

నేను చదివింది అయిదో తరగతి. కొలతలు వేసి చెప్పడం రాదు. రెండు మాటలు చెప్పేసరికి కుడిఎడమలు తికమకపడ్డాయి. లోపలికెళ్ళి ముగ్గు డబ్బా తెచ్చుకున్నాను. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, కాలవ అడుగుని ముగ్గుగా వేశాను. రెండు గట్లూ రెండు పొడుగు గీతలు. మా వైపు ఏడు మెట్లు, మూడోది విరిగింది, దానిమీద బరువు వెయ్యొద్దు. మెట్లు దిగాక పది అడుగులు పలకల మీద నాచు. మడమ ముందు పెడితే జారతారు, వేళ్ళతో నడవాలి. అక్కడ ఎప్పటిదో ట్రాక్టరు చక్రం ఒకటి పడుకుని ఉంటుంది, దాన్ని కుడిచేతికి వదలాలి. ఆ పక్కనే వినాయకుళ్ళ ఇనప చట్రాలు. మట్టి కరిగిపోయి చువ్వలు పైకి నిలబడి ఉంటాయి, మా చెల్లెలి కాలు కోసుకుంది అక్కడే. తూముకి దగ్గరపడుతుంటే నీళ్ళు అవతలి గట్టుకేసి తోస్తాయి, అందుకని గోడ పట్టుకునే పోవాలి. నీరుకట్టె పాములుంటాయి, వాటికి మనమంటేనే భయం.

పెద్దాయన ముగ్గంతా రెండుసార్లు చూసి, బావమరిదిని పిలిచి కళ్ళు మూసుకోమన్నాడు. చెప్పులు విప్పి అతను మా వాకిట్లో నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ, వేళ్ళు ముందు పెట్టి, లేని గోడని చేత్తో తడుముతూ. క్యాంపు ఆడవాళ్ళందరూ గోడల మీంచి చూస్తున్నారు. మా కోడిపెట్ట పిల్లల్ని వేసుకుని ముగ్గుకి అడ్డంపడి పోయింది.

“బావా, నాకంటే ముందు ఎవురో దాటేస్తన్నారు.”

“దానికి సిలిండరు అక్కర్లేదురా. నువ్వు నడు.”

అతను ట్రాక్టరు చక్రం దాటాడు. చువ్వలు దాటాడు. తూము దగ్గరకి వచ్చేశాడు. అక్కడే నా ముగ్గు ఆగిపోయింది. తలుపుకి ఇవతల మూల, నాలుగు అడుగుల మేర, ఖాళీ.

ఆ ఖాళీలో ఏముందో నాకు తెలుసు. మా అత్తగారి రుబ్బురోలు ఉంది.

మా మామగారి హయాంలో మా అత్తింటివాళ్ళు గోదావరి పక్కనుంచి ఇక్కడికి వచ్చినప్పుడు, విత్తనాల బస్తాలతోపాటు లారీలో ఎక్కిన రోలది. ఆవిడ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. పన్నెండేళ్ళ కిందట వంటింట్లో టైల్స్ వేయించేటప్పుడు, అత్తగారు పెళ్ళికని ఊరెళ్ళి ఉండగా, దాన్ని పక్కకి జరపబోయి పొత్రం చెయ్యిజార్చాను. రోలు అంచునుంచి సగానికి పగులు పాకింది. పగిలిన రోలు ఇంట్లో ఉండకూడదు, ఒకరికి ఇవ్వకూడదు, రోడ్డున పారెయ్యకూడదు. పారే నీళ్ళలో వదలాలి. మా అమ్మ చెప్పిందీ అదే, మా అమ్మమ్మ చెప్పిందీ అదే. తూము దగ్గర గట్టు పల్లంగా ఉంటుంది, మనుషులు తక్కువ, కింద గుంటలో వేసవిలో కూడా బురదనీళ్ళు ఆరవు. ఇద్దరు కూలీ ఆడవాళ్ళని తోడు తీసుకుని బండిమీద తోసుకెళ్ళి అక్కడ వదిలాను. ఊరినుంచి వచ్చిన అత్తగారికి మాత్రం, సింధనూరులో గుడి వంటశాలకి ఇచ్చానని చెప్పాను. తిట్లు తప్పించుకుందామని అన్న మాట. ఆవిడ పొంగిపోయారు. పన్నెండేళ్ళుగా పండక్కొచ్చిన ప్రతి చుట్టానికీ ఆవిడ చెప్పే కబురు అదే: మా పుట్టింటి రోలు దేవుడికి గారెలపిండి రుబ్బుతోంది.

“ఆ మూల ఖాళీగా వదిలేశావేంటే?” అన్నారు అత్తగారు అరుగు మీంచి.

“అక్కడేం లేదండి. ఒండ్రు.”

పెద్దాయన నా మొహంలోకి చూశాడు. “ఏటీ లేదా అమ్మా? నువ్వు లేదంటే మావోడు అక్కడ కాలు దైర్నంగా ఏస్తాడు.”

“ఒండ్రేనండి,” అన్నాను. ముగ్గు డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళాను.

కాలవ గట్టుకి అందరం వెళ్ళాం. అత్తగారు మోపెడ్ వెనక కూర్చుని మరీ వచ్చారు. బావమరిది నల్ల రబ్బరు బట్టలు తొడుక్కుని, వీపున సిలిండరు కట్టుకుని మా ఏడు మెట్లూ దిగాడు, మూడోది దాటేసి. నడుముకి తాడు. రెండో కొస పెద్దాయన చేతిలో. తాడు ఒకసారి కదిపితే బాగున్నానని, రెండుసార్లయితే ఇంకాస్త వదలమని, ఆపకుండా గుంజితే పైకి లాగమని. నీళ్ళమీద బుడగలు వరసగా లేస్తూ తూము వైపు కదిలాయి. నేను ఆ బుడగల వెంట గట్టు మీద నడిచాను. నా ముగ్గు ఆగిపోయిన చోటికి బుడగలు వచ్చేసరికి నా కాళ్ళు కూడా ఆగిపోయాయి.

తాడు ఒకసారి కదిలింది. మళ్ళీ ఒకసారి. తర్వాత చాలాసేపు కదల్లేదు. అప్పుడు ఆపకుండా గుంజడం మొదలైంది.

పెద్దాయనా మా ఆయనా కలిసి లాగారు. అతను పైకి వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. కాలి మడమ దగ్గర రబ్బరు చిరిగి రక్తం కారుతోంది.

“అమ్మ సెప్పినట్టే ఉంది బావా, మెట్లూ, చక్రం, చువ్వలూ. కళ్ళు మూసుకుని ఎల్లిపోయాను. తలుపుకాడ మటుకు ఒండ్రు కాదు. రాళ్ళు. గుండ్రంగా, నున్నగా, ఒకదానిమీద ఒకటి. కాలు మధ్యలో దిగబడిపోయింది. ఒకటి తలుపు ఇనప పట్టీ కిందకి దూరి గోడకి బిగుసుకుంది.”

“లాగేద్దాం మరి,” అన్నారు మా ఆయన.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “లాగం బాబూ. అవేం రాళ్ళో, ఎంత బరువో, ఎలగ పడ్డాయో తెలీకండా చీకట్లో ముట్టుకుంటే, ఒకటి లాగితే ఇంకోటి మీదకొస్తాది. ఈడికి మా చెల్లినిచ్చాను, దానికి నేను జవాబు సెప్పుకోవాల. ఇది మావల్ల అవదు. సామాను సర్దేత్తాం.”

లస్కరు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. మా ఆయన ఎవరివైపూ చూడకుండా పొలం ఉన్న దిక్కుకి తిరిగి నిలబడ్డారు. ఆ వీపు చూశాక నేనింక ఉండలేకపోయాను.

“అవి రాళ్ళు కావండి,” అన్నాను. “ఒకటి మా రోలు. నేనే వేశాను.”

మిగతాదీ గబగబా చెప్పేశాను. ఎప్పుడు వేశానో, ఎందుకు వేశానో. మా అత్తగారు మోపెడ్ సీటు మీద అలాగే కూర్చుని విన్నారు.

“ఏ రోలు?” అన్నారు.

“మన రోలేనండి.”

“అయితే సింధనూరు గుళ్ళో రుబ్బుతున్నది ఎవరి రోలే?”

లస్కరు నవ్వాపుకోలేక తలగుడ్డలో మొహం పెట్టుకున్నాడు. పెద్దాయనకి మాత్రం ఆ గొడవ పట్టలేదు.

“మీ రోలు ఒక్కటే కదమ్మా? మావోడు చాలా ఉన్నాయంటన్నాడు.”

నేను వెనక్కి తిరిగి చూశాను. క్యాంపు ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది గట్టు మీద ఉన్నారు. అందరూ కాలి బొటనవేళ్ళే చూసుకుంటున్నారు. ముందు మా పక్కింటి వదిన గొంతు సవరించుకుంది.

“మాది తిరగలి. పైరాయి ఒక్కటే వేశాను. పిడి ఊడిపోయింది.”

“మాది సన్నికల్లు,” అంది ఇంకొకామె. “రెండు ముక్కలైంది. రెండూ వేశాను.”

“మాదీ రోలేనండి. మా ఆయనకి తెలీదు, చెప్పకండి.” వాళ్ళాయన ఆమె పక్కనే ఉన్నాడు.

అలా మిగతావాళ్ళవీ కలిపి ఆరిళ్ళ రాళ్ళు లెక్క తేలాయి. మిక్సీలూ గ్రైండర్లూ వచ్చాక ప్రతి ఇల్లూ, ఒకరికొకరు చెప్పుకోకుండా, పల్లంగా ఉంది కదా అని అదే చోట వదిలిందన్నమాట.

“అయ్యో శివనే!” అన్నాడు లస్కరు. “నాకు దినాము నమస్తే పెట్టుకుంట, నా తూముల మీ వంటిండ్లన్ని పారేస్తిరి.”

పెద్దాయన మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఏ ఏడు వేశారు, అంటే ఏది కింద ఉంది, ఏది మీద ఉంది. ఎటువైపునుంచి దొర్లించారు. ఎంతమంది మోశారు. తిరగలికి నడిమధ్య తూటు ఉంటుంది, అందులోంచి తాడు దూరుస్తాం అన్నాడు. సన్నికల్లు పలచన, చేత్తోనే వస్తుంది. మా రోలు సంగతి అడిగాడు. అడుగు నలుచదరం, పైన గుండ్రం అని నేను చెప్తుంటే, మా అత్తగారు మోపెడ్ దిగి వచ్చారు.

“దానికేం తెలుసు?” అన్నారు. “అది పట్టుమని పదేళ్ళు కూడా రుబ్బలేదు. నలుచదరం మీద గుండ్రం కలిసేచోట వేలెడు గాడి ఉంటుంది బాబూ. లారీలో వేసేటప్పుడు మా అన్నయ్య మోకు ఆ గాడిలోనే బిగించాడు. అక్కడ కట్టు. జారదు.”

కాలికి కట్టు కట్టించుకుని బావమరిదే దిగుతానన్నాడు. వద్దని, ఈసారి పెద్దాయన దిగాడు. తాడు కొస బావమరిది చేతికి వచ్చింది. ముందు తిరగలి. రాయి లాగమనడానికి కొత్తగా అనుకున్న మూడు కుదుపులూ రాగానే ట్రాక్టరు మెల్లగా లాగింది, నాచు పట్టిన రాయి నీళ్ళలోంచి లేచింది. తర్వాత సన్నికల్లు ముక్కలు. తర్వాత ఆ రెండో రోలూ, మిగతా ఇళ్ళవీ. మాది పట్టీ కింద బిగుసుకున్నదట. దానికి మోకు కట్టడానికి ఆయన మూడుసార్లు పైకి వచ్చి, అలుపు తీర్చుకుని, మళ్ళీ దిగాడు. మోకు బిగిసింది. ట్రాక్టరు ఒకసారి వెనక్కి జారింది. నేను కళ్ళు మూసుకున్నాను. లోపల ఎక్కడో ఇనుము మూలిగిన చప్పుడు గట్టుదాకా వినిపించింది. కళ్ళు తెరిచేసరికి రోలు మెట్ల మీద ఉంది, నీళ్ళు కారుతూ.

పెద్దాయన పైకి వచ్చి, గట్టెక్కి, అందరూ వెనక్కి జరిగాకే చక్రం ముట్టుకోమన్నాడు. లస్కరు ఒక చుట్టు తిప్పాడు. రెండు చుట్లు. అవతల పిల్లకాలవలో ఎండిన ఆకులు చిన్నగా కదిలాయి. తర్వాత అవన్నీ ఒక్కసారే పరుగు తీశాయి.

మా అత్తగారు ఆ పరుగు చూడలేదు. రోలు దగ్గర కూర్చుని కొంగుతో అంచు తుడుస్తున్నారు. పగులు మీద వేలు పెట్టి రెండు కొసలూ కొలిచారు. నాతో ఒక్క మాట కూడా అనలేదు.

“మల్ల నీళ్ళల్ల ఏయకు అవ్వా, నీ కాళ్ళు మొక్కుతా,” అన్నాడు లస్కరు.

ఆవిడ అంచు తుడుస్తూనే ఉన్నారు. డైవర్లకి మాత్రం, ఇంటికెళ్ళాక, ఇడ్లీలు దగ్గరుండి వడ్డించారు. ఇంకొకటి, ఇంకొకటి అంటూ బావమరిది పన్నెండు తిన్నాడు. పొద్దువాలక ముందే వాళ్ళు వ్యాను ఎక్కారు.

నీళ్ళు మా ఆఖరి మడులకి చేరేసరికి మర్నాడు ఉదయమైంది. మధ్యలో పొలాలన్నీ తాగితేగానీ మాదాకా రావు. ఆ సమయమంతా నేను ఇంట్లో ఒక పని మొదలుపెట్టి ఇంకో పనిలోకి వెళ్ళేదాన్ని. చేలోకి అత్తగారు కూడా వచ్చారు. నీళ్ళు నెర్రెల్లోకి దిగుతూ బుస్సుమంటున్నాయి. మా ఆయన పారతో అడ్డాలు తీస్తున్నారు. ఆవిడ గట్టు మీద వంగి ఒక వెన్ను తుంచి, గింజని రెండు గోళ్ళ మధ్య నొక్కారు. తెల్లటి చుక్క వచ్చింది.

నిన్నటినుంచి మొదటిసారి నావైపు చూశారు.

“ఇక్కడ పాలున్నాయి. కింది మడిలో చూడు.”

నేను దిగి చూశాను. మొదటి గింజ నొక్కితే ఉత్త పొట్టు. రెండోదీ అంతే. గట్టువారన ఉన్నవన్నీ తాలే. మడి మధ్యకి నడిచాను. అక్కడ ఇంకా నీళ్ళు రాలేదు, నేల కాలికి గట్టిగా తగులుతోంది. ఒక వెన్ను తుంచి నొక్కాను. గోరు మీద కొంచెం తడి.

“ఉందండీ!” అని కేకేశాను.

“ఎంత?”

“కొంచెం.”

“కొంచెముంటే నిండుతుంది. అక్కడే నిలబడతావేం? ఆ అవతలిది చూడు.”

నేను అవతలి వరసలోకి వెళ్ళాను.